కొత్తగా కలుపుకున్న రాజ్యాల పాత మ్యాపు: ప్లేటు, ముద్రణ, రంగు – మూడు తేదీలు ఎలా తేల్చాలి

యుద్ధం ముగిసి, సంధిపత్రం మీద సంతకాలు పడ్డ వెంటనే మ్యాపులు అచ్చువేసేవాళ్లకు చేతినిండా పని దొరికేది. చక్రవర్తి ఏయే కోటలు, ఏయే జిల్లాలు కలుపుకున్నాడో చూడాలని జనం ఆత్రపడేవారు. కానీ పెద్ద మ్యాపుకు రాగి ప్లేటు కొత్తగా చెక్కించాలంటే నెలలు పట్టేది. అందుకని ప్రచురణకర్త చాలాసార్లు దగ్గరిదారి చూసుకునేవాడు. పాత ప్లేటు మీద పేరు గీకించి కొత్త పేరు చెక్కించేవాడు. అంత తీరిక కూడా లేకపోతే ప్లేటును ముట్టుకోకుండా, అచ్చయిన కాగితాల మీద సరిహద్దు రంగు మాత్రం మార్చి వేయించేవాడు.

కాబట్టి ఇలాంటి మ్యాపుకు ఒక్క తేదీ ఉండదు, మూడుంటాయి. ప్లేటు చెక్కిన తేదీ ఒకటి, మీ చేతిలోని కాగితం మీద అది అచ్చయిన తేదీ ఇంకొకటి, రంగు పూసిన తేదీ మూడోది. మూడూ ఒకే ఏడాదివి కావచ్చు, వాటి మధ్య రెండొందల ఏళ్ల తేడా కూడా ఉండవచ్చు. పేరు పక్కన చెక్కిన సంవత్సరాన్ని చూసి మొత్తం కాగితానికి అదే వయసు అనుకోవడం దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. రాజ్యాలు కలుపుకున్న మ్యాపులో అసలు సంగతి సరిహద్దు రంగులోనే ఉంటుంది. అది ఎప్పటిదో విడిగా తేల్చకపోతే మ్యాపు గురించి సగమే తెలిసినట్టు.

ముందు బల్ల సిద్ధం చేసుకోండి

మ్యాపు కంటే నాలుగు వైపులా కనీసం 10 సెంటీమీటర్లు ఎక్కువ ఉన్న బల్ల కావాలి. దాని మీద తెల్లటి బ్లాటింగ్ పేపరు పరవండి. 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, మిల్లీమీటర్ గుర్తులున్న స్కేలు, చిన్న టార్చి, పలచని ఎల్‌ఈడీ లైటు పలక, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, మెత్తటి పెన్సిలు దగ్గర పెట్టుకోండి. బాల్ పెన్ను ఆ గదిలోనే ఉండకూడదు. నూలు చేతితొడుగులు వద్దు. అవి వేసుకుంటే వేళ్లకు కాగితం స్పర్శ తెలియదు, చిరిగిన అంచులు దారాలకు తగులుకుంటాయి. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకున్న చేతులే మేలు.

మ్యాపు ఫ్రేములో ఉంటే బయటికి తీయకుండా ఏదీ తేలదు. ఫ్రేమును బోర్లా పడుకోబెట్టి, వెనక కాగితం కోసి, మేకులు పక్కకు వంచి, వెనక అట్టను పైకెత్తండి. మ్యాపు గాజుకు అంటుకుని ఉంటే అక్కడే ఆగిపోండి. లాగితే రంగు, సిరా గాజు మీదే ఉండిపోతాయి. మ్యాపు మొత్తం అట్టకు జిగురుతో అతికి ఉన్నా ఇంట్లో ఊడదీసే ప్రయత్నం చేయకండి. ఈ రెండూ కాగితం సంరక్షణ నేర్చినవాళ్లు చేయాల్సిన పనులు.

ప్లేటు అంచు, సిరా గీత

రాగి ప్లేటుతో అచ్చువేసేటప్పుడు తడిపిన కాగితాన్ని ప్లేటు మీద పరచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. ప్లేటు ఉన్న మేర కాగితం కిందికి దిగి, చుట్టూ ఒక మెట్టు లాంటి గుర్తు మిగులుతుంది. గదిలో దీపాలు ఆర్పి, టార్చిని దాదాపు బల్లకు ఆనించి, వెలుతురు కాగితం మీద ఏటవాలుగా పాకేలా పట్టుకోండి. మెట్టు నీడ కనిపిస్తుంది. వేలితో మెల్లగా తడిమినా తెలుస్తుంది. నాలుగు మూలలూ చూడండి. ప్లేటు కాగితాన్ని కోయకుండా ఉండటానికి అంచులు అరగదీసేవారు, అందుకే మూలలు కాస్త గుండ్రంగా ఉంటాయి. మెట్టు లోపలి కాగితం బయటి అంచుకన్నా నున్నగా ఉండాలి.

ఈ గుర్తును నకిలీగా ఒత్తడం కష్టం కాదు. ఆఫ్‌సెట్‌లో, అంటే ఇప్పటి యంత్రాల పద్ధతిలో, అచ్చువేసిన నకలు మీద ఖాళీ ప్లేటుతో మెట్టు ఒత్తితే పైపైన చూసేవారికి అసలుదిలాగే ఉంటుంది. అందుకే మెట్టు ఒక్కటే చూసి నమ్మకండి. భూతద్దం తీసుకుని కొండల నీడగీతలు ఎక్కువగా ఉన్న చోటు చూడండి. చెక్కిన గీత సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్లీ సన్నగా ముగుస్తుంది. ఉలి రాగిలోకి దిగి పైకి వచ్చిన తీరు అది. గాడిలోని సిరా కాగితం మీదకు వస్తుంది కాబట్టి గీత కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, ఏటవాలు వెలుతురులో దానికీ నీడ పడుతుంది. ఆఫ్‌సెట్ నకలులో గీతలు చదునుగా ఉంటాయి. రంగున్న చోట చూస్తే నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలు పువ్వుల్లా గుంపులు కట్టి కనిపిస్తాయి. ఆ చుక్కలు కనిపిస్తే ఇక పరీక్ష అక్కర్లేదు, అది 20వ శతాబ్దపుదో ఆ తర్వాతదో అయిన నకలే.

ప్లేటు గుర్తు లేకుండా, గీతలు చదునుగా ఉండి, చుక్కలు కూడా లేకపోతే లిథోగ్రాఫ్ అయివుండవచ్చు. రాతి మీద గీసి అచ్చువేసే ఆ పద్ధతిని ఆలోయిస్ సెనెఫెల్డర్ 1790ల చివర్లో కనిపెట్టాడు. కనుక ‘1718’ అని రాసివుండి లిథో అయితే అది తర్వాత వేసిన నకలు. 1860 నాటి మ్యాపుకు మాత్రం లిథో మామూలే.

ఇప్పుడు ప్లేటు గుర్తును ఎత్తు, వెడల్పు మిల్లీమీటర్లలో కొలవండి. ప్రతి వైపూ రెండు చోట్ల కొలిచి రాసుకోండి. పెద్ద గ్రంథాలయాల కేటలాగుల్లో అదే మ్యాపు కొలతలు దొరుకుతాయి. కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటే కంగారు పడనక్కర్లేదు, తడి కాగితం ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. అడ్డంగా, నిలువుగా ఒకేలా కుంచించుకోదు కూడా. రెండు వైపులా ఒకే నిష్పత్తిలో 5 శాతం, 10 శాతం తేడా వస్తే మాత్రం ఫోటో తీసి వేసిన నకలేమోనని అనుమానించాలి.

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి

మ్యాపును లైటు పలక మీద పరిచి కింది నుంచి వెలుతురు ఇవ్వండి. 18వ శతాబ్దం చివరిదాకా మ్యాపులకు ఎక్కువగా వాడింది చేతితో తీసిన గీతల కాగితమే. కాగితం తీసే అచ్చులోని తీగల గుర్తులు అందులో కనిపిస్తాయి. దగ్గరదగ్గరగా సన్నగీతలు, వాటికి అడ్డంగా సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున దూరపు గీతలు ఉంటాయి. పాత అచ్చులో తీసిన కాగితమైతే ఆ దూరపు గీతలకు రెండు పక్కలా మబ్బులాంటి నీడ ఉంటుంది, అక్కడ గుజ్జు మందంగా చేరడం వల్ల అలా వస్తుంది. యంత్రంతో చేసిన ‘గీతల కాగితం’లో గీతలు మరీ సమంగా ఉంటాయి, ఆ నీడ ఉండదు.

గీతలు లేని నున్నటి కాగితాన్ని ఇంగ్లండులో జేమ్స్ వాట్‌మన్ 1750ల్లో తయారుచేశాడు. ముద్రణలో అది తొలిసారి 1757లో కనిపించింది. మ్యాపు ప్రచురణలో వాడుక పెరిగింది ఆ శతాబ్దం చివరికే. అంటే 1718 నాటి జర్మన్ మ్యాపు గీతలు లేని కాగితం మీద ఉంటే, ప్లేటు పాతదైనా ముద్రణ పాతది కాదు.

బ్రిటిష్ కాగితం అయితే వాటర్‌మార్క్ దగ్గర, అంటే కాగితం తీసేటప్పుడే అందులో పడి వెలుతురుకు కనిపించే గుర్తు దగ్గర, కాసేపు ఆగండి. 1794లో వచ్చిన చట్టం ప్రకారం ఎగుమతి కాగితానికి పన్ను వాపసు రావాలంటే వాటర్‌మార్క్‌లో సంవత్సరం ఉండాలి. దానివల్ల అప్పటినుంచి చాలా బ్రిటిష్ కాగితాల్లో తయారీ పేరు కింద సంవత్సరం కనిపిస్తుంది. కార్టూష్‌లో, అంటే పేరు చుట్టూ ఉన్న అలంకార చట్రంలో, 1793 అనీ, కాగితంలో 1804 అనీ ఉంటే ఆ కాగితం 1804కి ముందు అచ్చయ్యే వీల్లేదు. మ్యాపు నకిలీ కాదు, పాత ప్లేటుతో తర్వాత తీసిన ప్రతి. వెనకవైపు నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి ఉండవచ్చు, ఫోటో తీసి తిప్పి చదవండి.

గది చీకటి చేసి అతినీలలోహిత టార్చి వేయండి. 20వ శతాబ్దం మధ్యనుంచి కాగితంలో తెల్లదనం కోసం కలుపుతున్న రసాయనాలు నీలితెలుపుగా మెరుస్తాయి. గుడ్డపీలికలతో చేసిన పాత కాగితం మసకగా, పసుపు చాయలో కనిపిస్తుంది. పక్కన ఉన్న కొత్త అట్ట మెరిసి కళ్లను మోసం చేస్తుంది కాబట్టి దాన్ని తీసేయండి. తర్వాత అతికిన ముక్కలు, పూడ్చిన రంధ్రాలు కూడా ఈ వెలుతురులోనే బయటపడతాయి.

టీ డికాక్షన్‌లో ముంచి పాతదిగా చేసిన కాగితాన్ని గుర్తుపట్టాలంటే చిరుగు అంచు చూడండి. పాత కాగితానికి గాలి, దుమ్ము తగిలిన అంచులు ముదురుగా, లోపలి భాగం లేతగా ఉంటాయి. ముంచినదైతే ముందూ వెనకా చిరుగు లోపలా ఒకటే గోధుమరంగు.

కార్టూష్ చదవడం

పేరు చుట్టూ ఉండే అలంకార చట్రమే కార్టూష్. ఇది బొమ్మ మాత్రమే కాదు, ఈ నేల ఎవరిదో చెప్పే ప్రకటన. రెండు తలల గద్ద, కిరీటం, సంకెళ్లలో కూర్చున్న ఓడిపోయిన సైనికులు, గుట్టగా పోసిన జెండాలు, ఢంకాలు ఉంటే ఆ మ్యాపు గెలుపును జరుపుకుంటోందని అర్థం. ఇంగ్లిషువాళ్ల మ్యాపుల్లో బాకా ఇంత గట్టిగా ఊదకుండా ఇదే మాట చెప్పేవారు. బెంగాల్ సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జేమ్స్ రెన్నెల్ 1782లో వేసిన హిందూస్తాన్ మ్యాపు కార్టూష్‌లో పండితులు తమ పవిత్ర గ్రంథాలను బ్రిటన్‌కు ప్రతిరూపమైన బ్రిటానియా అనే స్త్రీమూర్తికి అందిస్తుంటారు. ఆమె వాటిని తన సంరక్షణలోకి తీసుకుంటున్నట్టు ఆ బొమ్మ. నేలను ఎలా సంపాదించారో ఆ బొమ్మ చెప్పదు, ఎలా సంపాదించినట్టు కనబడాలనుకున్నారో చెబుతుంది. కార్టూష్‌ను ఆ దృష్టితోనే చదవండి.

తర్వాత చిన్న అక్షరాలు వెతకండి. ఇవి లాటిన్‌లో ఉంటాయి. ‘డెలినియావిట్’ అంటే గీసినవాడు, ‘స్కల్ప్సిట్’ అంటే చెక్కినవాడు, ‘ఎక్స్‌కుడిట్’ అంటే ప్రచురించినవాడు. ‘కుమ్ ప్రివిలెజియో’ అని ఉంటే నకలు వేయకుండా రాజు ఇచ్చిన హక్కు ఉందని అర్థం. ‘నోరిబెర్గే’ అంటే న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. ఆ ఊరి మ్యాపుల ప్రచురణకర్త యోహాన్ బాప్టిస్ట్ హోమన్ పేరు ఈ రకం మ్యాపుల మీద తరచుగా కనిపిస్తుంది. ఆయన 1724లో చనిపోయాడు. చక్రవర్తి భూగోళవేత్త అన్న బిరుదు 1715 ప్రాంతంలో వచ్చింది. పేరు పక్కన ఆ బిరుదు ఉంటే అక్షరాలు ఆ తర్వాతివే. పేరుకు బదులు ‘హోమన్ వారసులు’ అనే అర్థమిచ్చే లాటిన్ లేదా జర్మన్ మాట ఉంటే 1730 తర్వాతి ముద్రణ. బ్రిటిష్ మ్యాపుల్లో 1735 నాటి చెక్కుడుబొమ్మల చట్టం వల్ల ప్రచురణ తేదీ, ప్రచురణకర్త పేరు కింది అంచున చెక్కేవారు. ఆ వరస కత్తిరించి ఉంటే ఎందుకు కత్తిరించారో ఆలోచించండి.

ప్లేటును మార్చిన ఆనవాళ్లు

రాగి మీద చెక్కినదాన్ని చెరపాలంటే ముందు గీకి, అక్కడ పడ్డ పల్లాన్ని వెనకవైపు నుంచి సుత్తితో కొట్టి పైకి తెచ్చి, నునుపుచేసి మళ్లీ చెక్కేవారు. ఎంత జాగ్రత్తగా చేసినా పాత అక్షరాల జాడ పూర్తిగా పోదు. కార్టూష్‌లో పేరు ఉన్న చోటును భూతద్దంతో అంగుళం అంగుళం చూడండి. కొత్త అక్షరాల మధ్య ఎక్కడికీ చేరని చిన్న గీతలు, బూడిదరంగు మసక కనిపిస్తే అక్కడ ఇంతకుముందు వేరే మాట ఉండేది. ఒక పేరు అక్షరాలు మిగతావాటికన్నా నల్లగా, పదునుగా ఉన్నా అదే సూచన. కొత్తగా చెక్కిన గాడి లోతుగా ఉంటుంది, మిగతాది వేల ప్రతులు తీసి అరిగి ఉంటుంది.

కార్టూష్‌లోని బొమ్మల చెంపలు, మబ్బులు, నీళ్ల గీతలు చూడండి. ప్లేటు ముందుగా అరిగేది అక్కడే. నీడలు తేలిపోయి మొహాలు తెల్లగా కనిపిస్తే ఆలస్యంగా తీసిన ప్రతి. మీ కాపీని డేవిడ్ రమ్సీ సేకరణ, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా వంటి చోట్ల ఉన్న డిజిటల్ ప్రతులతో పక్కపక్కన పెట్టి పోల్చండి. ఒకే ప్లేటు ప్రతుల్లో గీత గీతా కలవాలి. ఒక అక్షరం తోక అటూ ఇటుగా ఉంటే అది వేరే ప్లేటు, బహుశా పోటీ ప్రచురణకర్త చేసిన నకలు.

సరిహద్దు: చుక్కలు ఒకవైపు, రంగు ఒకవైపు

ఈ రకం మ్యాపులకు ఇదే ముఖ్యమైన పరీక్ష, తొందరపడకుండా చేయండి. ప్లేటు మీద సరిహద్దును చుక్కలుగా చెక్కుతారు. రంగును చుక్కల వెంబడి చేత్తో పూస్తారు. రెండూ ఎక్కడ విడిపోతాయో వెతకడమే పని.

ఆస్ట్రియా, ఒట్టోమాన్ సరిహద్దు తీసుకోండి. 1699 కార్లోవిట్జ్ సంధి తర్వాత హంగరీలో ఎక్కువ భాగం, ట్రాన్సిల్వేనియా ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్‌ల చేతికి వచ్చాయి, కానీ బనాత్ ఒట్టోమాన్ల దగ్గరే ఉండిపోయింది. ఉత్తరాన మురేష్ నది, పడమట తిస్సా నది, దక్షిణాన డాన్యూబ్ ఉన్న ప్రాంతం అది. 1718 పస్సరోవిట్జ్ సంధితో బనాత్, బెల్‌గ్రేడ్‌తో సహా ఉత్తర సెర్బియా, ఓల్టేనియా (నేటి రొమేనియాలోని భాగం) ఆస్ట్రియాకు వచ్చాయి. 1739లో బెల్‌గ్రేడ్ సంధితో సెర్బియా, ఓల్టేనియా మళ్లీ చేజారాయి, బనాత్ మాత్రం నిలిచింది.

ఇప్పుడు భూతద్దం తిస్సా నది మీద పెట్టండి. నది వెంబడి, ఆపైన మురేష్ వెంబడి చెక్కిన చుక్కలు ఉన్నాయా? ఉంటే ప్లేటు 1718కి ముందరి సరిహద్దును చూపుతోంది. అదే కాగితంలో రంగు గీత డాన్యూబ్ దాటి బెల్‌గ్రేడ్‌ను లోపలికి తీసుకుందా? అక్కడ రంగు కింద చుక్కలు లేకపోతే పాత ప్లేటుకు 1718 తర్వాత కొత్త సరిహద్దు వేశారన్నమాట. రంగు డాన్యూబ్, సావా నదుల దగ్గరే ఆగి, బనాత్‌ను మాత్రం కలుపుకుంటే అది 1739 తర్వాతి లెక్క. ప్లేటు ఒకటే, దాని మీద కుంచె మూడు కాలాలు రాయగలదు.

దక్షిణ భారతంలో కడపను చూస్తే ఇలాంటి లెక్కే తేలుతుంది. 1792 శ్రీరంగపట్నం సంధికి ముందు కడప టిప్పు సుల్తాను రాజ్యంలో ఉంది. ఆ సంధితో నిజాం వాటాకు వెళ్లింది. నిజాం 1792లోను, 1799లోను తనకు వచ్చిన మైసూరు భాగాలను 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలన్న పేరు అక్కడినుంచే వచ్చింది. కాబట్టి కడపకు మైసూరు రంగు ఉంటే 1792కి ముందరి స్థితి, నిజాం రంగు ఉంటే 1792–1800 మధ్యది, కంపెనీ రంగు ఉంటే ఆ తర్వాతది. ఏ రంగు ఎవరిదన్న నియమం అన్ని మ్యాపులకూ ఒకటి కాదు. మీ మ్యాపులోనే అందరికీ తెలిసిన ఊళ్ల మీద చూసి పోల్చుకోండి. మద్రాసు చుట్టూ ఉన్నది కంపెనీ రంగు, హైదరాబాదు చుట్టూ ఉన్నది నిజాం రంగు. రెన్నెల్ 1793లో దక్షిణాపథం మ్యాపుకు రాసిన వివరణ గ్రంథం పేరులోనే 1792 సంధి ప్రకారం విభాగాలు చూపినట్టు ఉంది, పోల్చడానికి అది మంచి ఆధారం.

ఇంకొన్ని తేదీలు దగ్గర పెట్టుకోండి: గలీషియా ఆస్ట్రియాకు వచ్చింది 1772లో, బుకోవినా 1775లో, క్రిమియా రష్యాలో కలిసింది 1783లో. ఇవి ‘ఇంతకుముందు కాదు’ అని చెప్పే తేదీలే. ‘ఆ ఏడే’ అని చెప్పవు. రంగు వేసేవాళ్లు పాత నమూనా చూసి ఏళ్ల తరబడి అదే సరిహద్దు వేసిన సందర్భాలు ఉంటాయి కనుక, గడువు దాటిన సరిహద్దు కనిపించినంత మాత్రాన రంగు పాతదని తేల్చేయకండి.

రంగు ఎప్పటిది

మ్యాపును తిప్పి వెనకవైపు చూడండి. పాత ఆకుపచ్చల్లో రాగి నుంచి చేసిన చిలుము రంగు ఎక్కువ. అది ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. ముందువైపు ఆకుపచ్చ సరిహద్దు ఉన్న చోట సరిగ్గా వెనక గోధుమరంగు గీత కనిపిస్తే అది పాత రంగు అనడానికి గట్టి సాక్ష్యం. ఈ కాలినట్టున్న గీతను నకిలీగా తేవడం కష్టం. ఆకుపచ్చ తాజాగా ఉండి వెనక తెల్లగా ఉంటే అనుమానించండి, అయితే ఇండిగో, పసుపు కలిపి చేసిన ఆకుపచ్చ కాగితాన్ని తినదు. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు.

తర్వాత మడతలూ చిరుగులూ చూడండి. పాత రంగు మీద మడత పడితే మడత శిఖరం మీద రంగు అరిగి తెల్లగా ఉంటుంది. మడత పడ్డాక పూసిన రంగు ఆ పగులులోకి దిగి ముదురుగా కనిపిస్తుంది. అతికిన ముక్క మీదుగా, నీటిమరక మీదుగా రంగు సాఫీగా పోతుంటే అది ఆ మరమ్మతు తర్వాతదే. కాగితాన్ని ఎప్పుడో కడిగివుంటే పైనున్న సరేసు పూత పోతుంది, దాని మీద కొత్తగా వేసిన రంగు గీత అంచు దాటి పీచులాగా పాకుతుంది.

హోమన్ మ్యాపులకు ఇంకో ఆనవాలు ఉంది. ఆ రోజుల్లో న్యూరెంబర్గ్‌లో నేలకు నిండా రంగు పూసి, కార్టూష్‌ను చాలావరకు నలుపుతెలుపుగానే వదిలేవారు. కార్టూష్‌లోని దేవతలకు గులాబీ చెంపలు, నీలి వస్త్రాలు ఉంటే ఆ రంగు తర్వాతి కాలంలో అలంకారం కోసం వేసినదై ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి ప్రతిలో సరిహద్దు రంగును చరిత్రకు సాక్ష్యంగా తీసుకోవద్దు. రంగును తడి దూదితో తుడిచి పరీక్షించమని ఎవరైనా చెబితే వినకండి. పాతదైనా కొత్తదైనా నీటిరంగు కరుగుతుంది, మరక పడుతుంది, మీకు తేలేది ఏమీ ఉండదు.

మరమ్మతులో చేయదగినది, చేయకూడనిది

మధ్య మడత వెనక ఒక కాగితపు పట్టీ అతికి ఉంటే తీయకండి. మ్యాపును అట్లాసులో కుట్టడానికి వాడిన పట్టీ అది, ఈ కాగితం పుస్తకం నుంచి వచ్చిందని చెప్పే ఆధారం. పాత సెల్లోటేపును కూడా పీకకండి, కాగితం పై పొర దాంతోపాటే వస్తుంది. తుప్పు రంగు చుక్కలు పోగొట్టడానికి బ్లీచింగ్ అసలే వద్దు.

దుమ్ము దులపాలంటే మెత్తటి వెడల్పు కుంచెతో మధ్యనుంచి అంచులకు దులపండి. మురికి అంచులను వల్కనైజ్డ్ రబ్బరు స్పాంజితో మెల్లగా అద్దవచ్చు, కానీ రంగున్న చోటికి వెళ్లవద్దు.

అంచు చిరుగు 2–3 సెంటీమీటర్ల లోపు ఉండి, దగ్గరలో ఆకుపచ్చ రంగు లేకపోతే మీరే అతకవచ్చు. చదరపు మీటరుకు 8 నుంచి 12 గ్రాముల బరువుండే జపనీస్ కోజో కాగితం, శుద్ధి చేసిన గోధుమ గంజిపొడి తెచ్చుకోండి. మైదాపిండి వాడితే అందులోని జిగట పదార్థం పసుపెక్కి గట్టిపడుతుంది, పురుగులను పిలుస్తుంది. ఒక వంతు గంజిపొడిని నాలుగు వంతుల నీటిలో అరగంట నానబెట్టి, సన్నమంట మీద ఆపకుండా కలుపుతూ 20 నుంచి 30 నిమిషాలు ఉడికించండి. తెల్లదనం పోయి గాజులా మెరిసినప్పుడు దించి, చల్లారాక సన్నటి జల్లెడలో రెండుసార్లు వడకట్టండి. వాడేముందు కొంచెం నీళ్లు కలిపి పలచన చేసుకోండి.

కోజో కాగితం మీద తడి కుంచెతో గీత గీసి, ఆ గీత వెంబడి చేత్తో చీల్చండి. 6 నుంచి 8 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. కత్తెరతో కోస్తే పీచు అంచు రాదు, గట్టి అంచు దగ్గర మ్యాపు మళ్లీ చిరుగుతుంది. చిరుగు రెండు అంచులనూ ముందున్న వరసలోనే కలిపి, పట్టీకి గంజి పలచగా రాసి, అదనపు తడిని బ్లాటింగ్ పేపరు మీద తీసేసి, వెనకవైపు అతికించండి. పైన కిందా అంటుకోని పాలియెస్టర్ గుడ్డ, దాని మీద బ్లాటింగ్ పేపరు, ఆపైన బరువు పెట్టండి. పది నిమిషాలకు బ్లాటింగ్ పేపరు మార్చి రాత్రంతా వదిలేయండి. తడి ఎక్కువైతే పట్టీ చుట్టూ గోధుమరంగు వలయం పడుతుంది, అందుకే అద్దడం మానకండి.

ఆకుపచ్చ గీత వెంబడి పగిలిన కాగితాన్ని మాత్రం తడి గంజితో ముట్టుకోవద్దు. నీరు రాగిని చుట్టుపక్కలకు పాకించి, కాలినట్టున్న మచ్చ ఇంకా పెద్దదవుతుంది. ఆ కాగితం నిపుణుల దగ్గరికే వెళ్లాలి. అప్పటివరకు వంచకుండా అట్ట మీద పడుకోబెట్టి ఉంచండి.

దాచడం, చూపడం

మ్యాపును పడుకోబెట్టి, ఆమ్లం లేని ఫోల్డరులో పెట్టండి. రంగు మ్యాపులకు సున్నం కలపని రకం ఫోల్డరు తీసుకోండి. మ్యాపుల్లో వాడిన ప్రషియన్ బ్లూ క్షారానికి వెలిసిపోతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. అంతకన్నా ముఖ్యం అది రోజురోజుకూ మారకపోవడం. 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. చుట్టి గొట్టంలో పెట్టడం వద్దు, విప్పిన ప్రతిసారీ ఆకుపచ్చ గీతలు పగులుతాయి.

గోడకు పెట్టాలంటే పూర్తిగా నూలు గుజ్జుతో చేసిన మౌంట్ బోర్డు వాడండి. మామూలు అట్ట వాడితే పదేళ్లలో అంచుల వెంబడి గోధుమరంగు గీత దిగుతుంది, దాన్ని పోగొట్టలేరు. కోజో కాగితంతో చేసిన రెండు చిన్న కీళ్లతో పై అంచును మాత్రమే బోర్డుకు తగిలించండి, కింది అంచు వేలాడాలి. నాలుగు వైపులా అతికిస్తే తేమ మారినప్పుడు కాగితం కదలడానికి చోటులేక ముడతలు పడుతుంది లేదా చిరుగుతుంది. గాజుకూ కాగితానికీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు తీసుకుని, వెలుతురు 50 లక్స్ దాటకుండా చూసుకోండి. ఎండ తగిలే గోడ వద్దు. రంగు పొరలుగా లేస్తుంటే అక్రిలిక్ పలక వాడకండి, దాని విద్యుదావేశం రంగు పెళ్లలను లాగేస్తుంది. మూడు నెలలు గోడ మీద ఉన్నాక తీసి ఫోల్డరులో పెట్టి, ఏడాదిలో మిగతా కాలం అక్కడే ఉండనివ్వండి.

చివరగా ఫోల్డరు మీద, మ్యాపు మీద కాదు, పెన్సిలుతో వివరాలు రాయండి. పేరు అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయండి. ప్లేటు కొలతలు, కాగితం రకం, వాటర్‌మార్క్, మార్చిన అక్షరాల చోట్లు, వెనకవైపు స్థితి చేర్చండి. తేదీల దగ్గర మూడు వరసలు విడివిడిగా పెట్టండి. ఉదాహరణకు, ‘ప్లేటు: 1699–1718 మధ్య, తిస్సా వెంబడి చుక్కలు. ముద్రణ: 1730 తర్వాత, హోమన్ వారసుల పేరు చెక్కి ఉంది. రంగు: 1739 తర్వాతి సరిహద్దు, ఆకుపచ్చ వెనకకు దిగింది, కార్టూష్‌కు రంగు లేదు.’ ఏ వరసకు ఏ ఆధారమో పక్కనే ఉండాలి. ఆధారం దొరకని వరసను ఖాళీగా వదిలి, చూసిన తేదీ వేయండి. ఏటవాలు వెలుతురులో ఒకటి, కింది వెలుతురులో ఒకటి, వెనకవైపు ఒకటి చొప్పున ఫోటోలు తీసి, స్కేలు కూడా ఫోటోలో పడేలా చూసుకోండి.